మీ రోగికి ఏం పెట్టాలి? ఆర్గానిక్ సంచి, ఊరి గంప, హోటల్ క్యారియరు



సాయంత్రం చూడవచ్చేవాళ్ళ వేళ అయ్యిందంటే వార్డులో మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సిస్టర్, మా వాళ్ళకి ఏం పెట్టమంటారు?" నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్నకు జవాబు తేలికగా ఉండేది. ఇడ్లీ, పాలు, గుడ్డు, మెత్తటి అన్నంలో పప్పు అని చెబితే సరిపోయేది. ఇప్పుడు ప్రశ్న పెద్దదయింది. "మామూలు కూరగాయల నిండా పురుగుమందులే అంటున్నారు, ఆర్గానిక్‌వి తెమ్మంటారా? ఎంతైనా పరవాలేదు సిస్టర్" అని ఒకరు. "బయట హోటల్లో కొని పెట్టొచ్చా, ఇల్లు నలభై కిలోమీటర్లు" అని ఇంకొకరు. మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేది కాదు గనుక ఈ పాఠం రాస్తున్నాను. డ్యూటీ తొందరలో చెప్పలేకపోయినవి ఇందులో చెబుతాను.

ముందుగా ఒక రాత్రి సంగతి.

డయాలిసిస్ మీద ఉన్న ఒక పెద్దాయన. కొడుకు దూరపు నగరంలో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చాడు. తండ్రి మీద ప్రేమతో ఒక పెద్ద సంచి నిండా సామాన్లు తెచ్చాడు. అన్నీ మంచి కొట్లో కొన్నవే. పాలకూర, టమాటాలు, అరటిపళ్ళు, ఎండు ఖర్జూరం, 'సోడియం తక్కువ' అని రాసి ఉన్న ఒక ఉప్పు పొట్లం. రోజూ రెండు పూటలా కొబ్బరిబొండం. నాలుగో రోజు రాత్రి ఆ పెద్దాయనకు కాళ్ళు చచ్చుబడినట్టు అయ్యాయి, గుండె కొట్టుకోవడం గాడి తప్పింది. క్యాజువాలిటీకి తెచ్చారు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. ఆ రాత్రికి రాత్రే డయాలిసిస్ చేయించి బతికించారు. తెల్లవారుజామున వరండాలో కొడుకు నన్ను అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అన్నీ ఆర్గానిక్కే కదా సిస్టర్, ఎలా జరిగింది?"

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే మొదట ఇది తెలుసుకోండి.

ఆర్గానిక్ అన్న మాట దేని గురించి?

ఆర్గానిక్ అనేది పంట ఎలా పండిందో చెప్పే మాట. రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు లేకుండా పండించారు అని అర్థం. ఆ పంటలో చక్కెర ఎంత, ఉప్పు ఎంత, పొటాషియం ఎంత అనేది ఆ మాట చెప్పదు. ఆర్గానిక్ అరటిపండులోనూ మామూలు అరటిపండులోనూ పొటాషియం ఉంటుంది. ఆర్గానిక్ బెల్లం కూడా చక్కెరే.

మూత్రపిండాలు బాగున్నవాళ్ళకి పొటాషియం మేలు చేస్తుంది, ఎక్కువైతే మూత్రంలో పోతుంది. కిడ్నీలు పని చేయనివాళ్ళలో అది బయటికి పోయే దారి లేదు. రక్తంలో చేరి గుండె లయ మీద దెబ్బ కొడుతుంది. కొబ్బరినీళ్ళు, అరటి, బత్తాయి, ఖర్జూరం, టమాటా, బంగాళాదుంప, ఆకుకూరలు వీటిలో ఇది ఎక్కువ. ఇక 'సోడియం తక్కువ' అని అమ్మే ఉప్పులో సోడియం బదులు కలిపేది సాధారణంగా పొటాషియం క్లోరైడే. బీపీ ఉన్నవాళ్ళకి మంచిదని కొంటారు. కిడ్నీ రోగికి అది డాక్టరు చెప్పకుండా ఒక్క చిటికెడు కూడా వద్దు. డైటీషియన్ ఏ కూర తినొచ్చు అంటే ఆ కూరను చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండండి. రుచి తగ్గుతుంది, నిజమే. తాలింపు వేస్తే కొంత సర్దుకుంటుంది.

మిగతా రోగుల గురించి కూడా చెబుతాను.

షుగరు ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పంచదార మానేసి బెల్లం, తేనె, తాటిబెల్లం వాడుతున్నాం అని గొప్పగా చెబుతారు. గ్లూకోమీటరుకు ఆ తేడా తెలియదు. కొర్రలు, రాగులు మంచివే, వాటిలో పీచు ఎక్కువ. కానీ రాగిజావ పల్చగా కాచి రెండు గ్లాసులు తాగితే షుగరు త్వరగా పెరుగుతుంది. అదే రాగిపిండిని రొట్టెగానో సంకటిగానో కూరతో కలిపి కొలతగా తింటే అంత తొందరగా పెరగదు. కొర్రన్నమైనా సరే మారు వడ్డించుకుంటే అన్నంతో సమానమే.

గుండె కవాటం మార్పిడి అయినవాళ్ళు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఆకుకూరల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఆకుకూరల్లోని కె విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అలాగని పూర్తిగా మానొద్దు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఎప్పుడూ రెండుసార్లే తినండి. ఇంటికి వెళ్ళగానే ఎవరో మునగాకు మంచిదన్నారని రోజూ మొదలుపెడితే మందు మోతాదు తప్పుతుంది. అప్పుడు రక్తపరీక్ష చేసి డాక్టరు మళ్ళీ మొదటినుంచి సరిచూడాల్సి వస్తుంది.

బీపీ వాళ్ళకి సైంధవ లవణం గురించి ఒక మాట. అదీ ఉప్పే, అందులోనూ సోడియమే. పైగా దాంట్లో మనం ప్యాకెట్ ఉప్పులో కలిపే అయోడిన్ ఉండదు.

కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళకి తెల్లకణాలు తగ్గి ఉంటాయి. వాళ్ళకి పచ్చి కీరా ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, కోసి అమ్మే పళ్ళు వద్దు. ఆర్గానిక్ పొలంలో పశువుల ఎరువు వాడతారు, మట్టిలో సూక్ష్మజీవులు ఎక్కువ. రైతుకు అది మంచిదే. ఈ రోగికి మాత్రం ఉడికించి, వేడిగా ఉన్నదే పెట్టండి.

మరి ఆర్గానిక్ వల్ల లాభం లేదా?

ఉంది. కాని ఎక్కడ ఉందో చెబుతాను.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు 2012లో ఈ విషయం మీద జరిగిన 200కు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి చూశారు. విటమిన్లలోనూ పోషకాలలోనూ ఆర్గానిక్ ఆహారానికీ మామూలు ఆహారానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదన్నారు. పురుగుమందుల అవశేషాలు మాత్రం ఆర్గానిక్‌లో తక్కువగా కనిపించాయి. కాబట్టి 'ఆర్గానిక్ తింటే రక్తం పడుతుంది, పుండు త్వరగా మానుతుంది' అని ఎవరైనా చెబితే నమ్మకండి. మందుల అవశేషాలు తక్కువ అంటే నమ్మొచ్చు.

నాకు పురుగుమందు అంటే ఏమిటో తెలిసింది కూరగాయల వల్ల కాదు. 2000 ప్రాంతంలో నర్సింగ్ చదువుతున్నప్పుడు క్యాజువాలిటీ డ్యూటీలో తెలిసింది. పత్తికి మందు కొట్టే కాలంలో మనుషుల్ని ఎడ్లబండి మీద, ఆటోలో మోసుకొచ్చేవాళ్ళు. తాగినవాళ్ళు కొందరు. తాగకుండా, కేవలం కొడుతూ కొడుతూ పడిపోయినవాళ్ళు కొందరు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. బట్టలు విప్పి సబ్బునీళ్ళతో ఒళ్ళంతా కడగడం మా విద్యార్థినుల పని. తర్వాత అట్రోపిన్ ఇంజెక్షన్లు, గంట గంటకూ కంటిపాపలు చూసి రాసుకోవడం. ఆ వాసన చేతుల్లోంచి రెండు రోజులు పోయేది కాదు.

అలా వచ్చిన ఒక రైతు కోలుకున్నాక ఆయన భార్య ఇంటి నుంచి వంకాయ కూర తెచ్చింది. మాకూ పెట్టబోయింది. నేను కాస్త వెనకాడడం చూసి ఆయన నవ్వాడు. "భయపడకు సిస్టరమ్మా, ఇది ఇంటి మడిలోది. మేం తినేదానికి మందు కొట్టం. అమ్మేదానికే కొడతాం" అన్నాడు. ఆ మాటలో దాపరికం లేదు, సిగ్గూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మచ్చలేని వంకాయే కావాలని మార్కెట్లో వెతికేది మనమే కదా.

అందుకని నన్నడిగితే ఆర్గానిక్ వల్ల మొదటి లాభం ఆ మందు డబ్బా వీపున మోసేవాడికి, రెండోది మనకి. మన దగ్గర ఇది కొత్త సంగతి కూడా కాదు. జనగామ దగ్గరి ఏనెబావి అనే చిన్న ఊరు 2006లోనే ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం అంతకు కొంచెం ముందే పురుగుమందులు వదిలేసింది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం ఇవే వాళ్ళ ఆయుధాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది. మీ ఊళ్ళోనే జీవామృతం కలిపి పండించే రైతు ఉండవచ్చు. నగరంలో అద్దాల కొట్టు వెతికే ముందు మీ మండలంలో వ్యవసాయ సిబ్బందిని ఒకసారి అడిగి చూడండి.

ప్యాకెట్ కొనేవాళ్ళు గుర్తులు చూసుకోండి. 'నేచురల్', 'ఫార్మ్ ఫ్రెష్', 'దేశీ' అన్న మాటలకు పూచీ ఏమీ లేదు. మన దేశంలో ఆర్గానిక్ అని ప్యాకెట్ మీద వేసి అమ్మాలంటే ధ్రువీకరణ ఉండాలని 2017లో నిబంధనలు చేశారు. అప్పట్లో 'జైవిక్ భారత్' అనే గుర్తు, దాంతో పాటు 'ఇండియా ఆర్గానిక్' గాని 'పీజీఎస్ ఇండియా' గాని ఉండాలన్నారు. ప్యాకెట్ మీద ధ్రువీకరణ గుర్తు ఉందేమో చూడండి. పీజీఎస్‌లో రెండు రకాలున్నాయి. 'పీజీఎస్ ఇండియా గ్రీన్' అంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని. 'పీజీఎస్ ఇండియా ఆర్గానిక్' అంటే పూర్తిగా మారిందని. తన పంట తానే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ఈ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. అతని దగ్గర గుర్తు లేకపోతే మోసం అనుకోకండి. ఎక్కడ పండించావు, పురుగు వస్తే ఏం చేస్తావు అని అడగండి. నిజంగా చేసేవాడు చెప్పడం మొదలుపెడితే ఆపడు.

డబ్బు సంగతి

ఇది కొంచెం కఠినంగా చెబుతాను, ఏమీ అనుకోకండి.

చేతి గాజులు తాకట్టు పెట్టి వైద్యం చేయించుకుంటున్న ఇంటివాళ్ళు విదేశీ ఆపిల్ పళ్ళు, కివీ పళ్ళు కొనుక్కొస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యింది. పుండు మానాలంటే కావలసింది మాంసకృత్తులు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. ఒక కివీ పండు ధరకి నాలుగు గుడ్లు వస్తాయి. గుడ్డు తిననివాళ్ళకి పెసరపప్పు, శనగలు, పాలు, పెరుగు, వేరుశనగలు ఉన్నాయి. చేపలు తినేవాళ్ళకి చెరువు చేప చాలు. ఇక సి విటమిన్ అంటారా, ఆపిల్ కంటే మన జామకాయలో ఎన్నో రెట్లు ఎక్కువ. ఆసుపత్రి గేటు బయట గంపలో పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర దొరుకుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు తినాలి. నలుగురున్న ఇంట్లో అది రోజుకు రెండు కిలోలు. ఈ లెక్కలో అన్నీ ఆర్గానిక్‌వే కొనాలని పట్టుబట్టి, ధరకు భయపడి సగం కూరే వండితే నష్టం మీకే. కడుపు నిండా మామూలు కూర, బాగా కడిగి వండింది, కొంచెం ఆర్గానిక్ కూర కంటే మేలు. డబ్బు మిగిలితే అప్పుడు ఎంచుకుని కొనండి. వంగ, బెండ, క్యాబేజి, క్యాలీఫ్లవర్, పచ్చిమిర్చి, కరివేపాకు, ద్రాక్ష వీటికి మందులు ఎక్కువ కొడతారు, వీటిలో ఆర్గానిక్ దొరికితే ఆ డబ్బుకు ఫలితం ఉంటుంది. మునగకాయ, గుమ్మడి, కంద, అరటికాయ, చింతచిగురుకి సాధారణంగా అంత కొట్టరు. వాటికి రెట్టింపు ధర పెట్టనక్కరలేదు.

ఊళ్ళో దొరికేదే కొనడం

దగ్గర్లో పండినది కొనమని నేను చెప్పే కారణం మొదటిది తాజాదనం. తోటకూర కోసిన రోజే ఇంట్లో ఉడికితే దాని విలువ వేరు. రెండు రోజులు లారీలో, ఒక రోజు గోదాములో, ఇంకో రోజు ఫ్రిజ్‌లో ఉంటే సి విటమిన్, ఫోలేటు తగ్గిపోతూ వస్తాయి. రెండో కారణం ధర. 1999లో మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టింది దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలనే. పొద్దున్నే వెళితే బోర్డు మీద ధర చూసి కొనుక్కోవచ్చు. వారపు సంత ఉన్న ఊళ్ళవాళ్ళకి ఇదంతా నేను చెప్పనక్కరలేదు.

అయితే దగ్గర్లో పండినంత మాత్రాన మందు లేదని కాదు. సాయంత్రం మందు కొట్టి పొద్దున్నే కోసి తెచ్చేవాళ్ళున్నారు. ఒక్కో మందుకు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీదే ఉంటుంది, అందరూ ఆగరు. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. అయినా మందుల కొట్లో చెప్పిందే కొట్టేవాళ్ళు ఉంటారు. పట్నం శివార్లలో మురుగుకాలవ నీళ్ళతో పెంచే ఆకుకూరలు కూడా ఉన్నాయి. అందుకని ఎవరి దగ్గర కొన్నా ఇలా కడగండి.

ముందు పారే నీళ్ళ కింద చేత్తో రుద్ది కడగండి. తర్వాత ఒక గిన్నెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. ఆకుకూరలు వేర్లు కోసేసి, మట్టి పూర్తిగా పోయేవరకు మూడు నీళ్ళు. క్యాలీఫ్లవర్ పువ్వులు విడదీసి గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేస్తే పురుగులు పైకి తేలతాయి. కడిగిన తర్వాతే కోయండి, కోసిన తర్వాత కడగొద్దు. సబ్బు, సర్ఫు పెట్టి కడిగేవాళ్ళను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ఇలా కడిగితే పైన అంటిన మందు, మట్టి, క్రిములు చాలావరకు పోతాయి. మొక్క లోపలికి పీల్చుకునే రకం మందులు మాత్రం కడిగినా పోవు. అందుకే ఒకే కూర రోజూ తినకుండా మార్చి మార్చి తినమంటాం.

వేసవిలో మామిడిపళ్ళ దగ్గర జాగ్రత్త. కార్బైడు పెట్టి మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం. దాంట్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. పండంతా ఒకే పసుపు, వాసన లేదు, లోపల టెంక దగ్గర పులుపు అంటే అనుమానించండి. ఇథిలీన్ గ్యాసుతో గదుల్లో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది, అది వేరు. పచ్చికాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో పెట్టుకుంటే ఈ గొడవే లేదు. మా అమ్మ మంచం కింద పరిచేది, ఇంటికొచ్చినవాళ్ళందరికీ వాసన తెలిసిపోయేది.

ఊరి పాలు కూడా అంతే. గేదె దగ్గర పిండి తెచ్చినవి స్వచ్ఛమైనవే కావచ్చు, కానీ పచ్చిపాలు తాగకూడదు. క్షయ, బ్రూసెల్లా క్రిములు పచ్చిపాల ద్వారా వస్తాయి. పొంగు వచ్చేదాకా కాచండి.

హోటల్లో తినాల్సి వస్తే

రోగి దగ్గర ఉండేవాళ్ళ గురించి ఎవరూ పట్టించుకోరు, వాళ్ళూ పట్టించుకోరు. భర్తకు ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు మంచం పక్కనే ఉన్న ఒకామె టీ, మిరపకాయ బజ్జీలతోనే గడిపి, పదో రోజు మా కళ్ళ ముందే వార్డులో పడిపోయింది. "ఆయనకి తీసుకొస్తున్నాను కదమ్మా, నాకెందుకులే అనుకున్నా" అంది. ఆమెకి కూడా సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఇద్దరికీ కలిపి బిల్లు ఎంతయ్యిందో మీరే ఊహించుకోండి. మీరు రోజుకు రెండు పూటలు కూర్చుని అన్నం తినాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు అయిదు రూపాయలకే పెడుతున్నారు. దగ్గర్లో ఉంటే వెళ్ళండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

హోటల్ ఎంచుకునేటప్పుడు బోర్డు వెలుగులు చూడకండి. జనం ఎక్కువ వచ్చే చోట వండింది వండినట్టు అయిపోతుంది, నిలవ ఉండదు. పొగలు కక్కుతున్నదే అడగండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది గనుక దానితో భయం తక్కువ. భయమంతా పక్కనున్న కొబ్బరి చట్నీతోనే. పొద్దున ఆరింటికి పచ్చినీళ్ళతో రుబ్బి పది దాటేదాకా బయట గిన్నెలో ఉంచుతారు. రోగికి పార్శిల్ కట్టించేటప్పుడు చట్నీ వద్దని చెప్పి, మరుగుతున్న సాంబారు పోయించుకోండి. వండిన ఆహారం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. పొద్దున కొన్న ఇడ్లీ మధ్యాహ్నానికి దాచి పెట్టకండి. రోగి నిద్రపోతున్నాడని ఆగితే ఆ పొట్లం మీరు తినేయండి, లేచాక కొత్తది తెండి.

సలసల మరిగే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవరులో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. బజ్జీలు న్యూస్ పేపర్లో చుట్టి ఇస్తారు. అచ్చు సిరాలోని రసాయనాలు నూనెలో కరిగి తిండిలోకి దిగుతాయి, పేపర్లో తినుబండారాలు చుట్టకూడదని నిబంధన కూడా ఉంది. వాళ్ళతో వాదన ఎందుకు, మీ స్టీలు క్యారియరు తీసుకెళ్ళండి. నా లెక్కలో ఆసుపత్రికి వచ్చేటప్పుడు దుప్పటి తర్వాత తెచ్చుకోవలసిన వస్తువు క్యారియరే.

మరిగించిన నూనెనే మళ్ళీ మళ్ళీ వాడకుండా 2018 జులై నుంచి దేశమంతటా పరిమితి పెట్టారు. మూకుడులో నూనె నల్లగా, చిక్కగా, నురగ కడుతూ ఉంటే పక్క కొట్టుకు వెళ్ళిపోండి. హోటల్ గోడ మీద ఆహార భద్రత లైసెన్సు, 14 అంకెల సంఖ్యతో, కనబడేలా ఉండాలి. చూసే అలవాటు చేసుకోండి. యజమానికి కూడా మీరు చూశారని తెలియాలి.

డిశ్చార్జి అయిన రెండు వారాలకే పెళ్ళి భోజనాలు, ఫంక్షన్లు వస్తాయి. వెళ్ళొద్దని నేను అనను, మనిషికి నలుగురిలో కూర్చోవడమూ వైద్యమే. హోటల్లో ఉప్పు తగ్గించమంటే కూరలో వేసింది తీయలేరు. కాబట్టి బీపీ, గుండె జబ్బు, కిడ్నీ రోగులు విస్తట్లో పచ్చడి, అప్పడం, పొడులు ముట్టకుండా వదిలేయండి. సాంబారు, రసం ఒక్కసారే పోయించుకోండి. వడ్డించేవాడికి చేయి అడ్డం పెట్టడం మర్యాద తక్కువేమీ కాదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఇంట్లోనే సూది వేసుకుని బయలుదేరొద్దు. ముహూర్తం ఆలస్యమై, పంక్తి ఆలస్యమై, షుగరు పడిపోయి కళ్ళు తిరిగినవాళ్ళను క్యాజువాలిటీకి తేవడం పెళ్ళిళ్ళ కాలంలో మాకు మామూలే. డాక్టరు మరోలా చెప్పి ఉంటే తప్ప విస్తరి ముందు కూర్చున్నాకే సూది వేసుకోండి. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి.

ఇంకొక చిన్న మాట. డెంగీ వచ్చినప్పుడు బొప్పాయి ఆకు రసం, కివీ పళ్ళ కోసం ఊరంతా తిరగకండి. ఆ రోజుల్లో ఒళ్ళో నీరు తగ్గకుండా చూసుకోవడం, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించడం ముఖ్యం. జ్వరం తగ్గిందని ఇంటికి వెళ్ళిపోవడం ఆ జబ్బులో ప్రమాదం.

డిశ్చార్జి కాగితాలతో పాటు మీ రోగి జబ్బుకు తగిన డైట్ చీటీ అడిగి తీసుకోండి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపిస్తాం. ఇక్కడ ఉన్నన్ని రోజులూ బంధువులు తెచ్చిన పండు, పొడి, టానిక్కు, ఉప్పు పొట్లం ఏదైనా సరే, విప్పే ముందు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి చూపించండి. రాత్రి రెండు గంటలైనా విసుక్కోం.

ఆ డయాలిసిస్ పెద్దాయన తర్వాత కూడా వారానికి రెండుసార్లు వస్తూనే ఉన్నారు. కొడుకు ఫోనులో కూరగాయ ఫొటో పంపి "ఇది పెట్టొచ్చా?" అని డైటీషియన్‌ని అడిగాకే తల్లి వండుతుంది. వాళ్ళ ఇంటి వెనక పందిరి మీద కాసిన సొరకాయ, నీళ్ళు వార్చి, ఉప్పు తక్కువ వేసి వండింది, స్టీలు క్యారియరులో తెస్తారు.